భయాన్ని ఎవరు మోయాలి? మొదటిసారి సైఫై హారర్ రోల్‌ప్లే ఆట నడిపేవాళ్లకు నాలుగు ఆటల పోలిక

రోల్‌ప్లే ఆటలో ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు ఒక్కో పాత్రగా ఏం చేస్తారో నోటితో చెప్తారు. సైఫై హారర్ రోల్‌ప్లే ఆటను మొదటిసారి నడపబోయేవాళ్లు ముందుగా అడిగేది ఏ పుస్తకం కొనాలని. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. మీ బల్ల దగ్గర భయాన్ని ఎవరు మోయాలి? పాచికలా, ముందే రాసిపెట్టిన కథా, బల్ల మీద ఊగే చెక్క దిమ్మెలా, లేక అచ్చంగా మీ గొంతా? కింద చెప్పే నాలుగు ఆటలూ ఈ నాలుగింటిలో ఒక్కోదాన్ని నమ్ముకున్నవే. మీకు ఏది చేతకాదో ఆ భారం ఆట మోసేలా ఎంచుకుంటే మొదటి రాత్రి గట్టెక్కినట్టే.

తొందరలో ఉన్నవాళ్లకు మా మాట ముందే చెప్తాం. ముగ్గురు నలుగురు ఆటగాళ్లు, ఒకటే సాయంత్రం, నడిపేవాళ్లకు ఇదే మొదటిసారి అయితే మదర్‌షిప్. ఏలియన్ సినిమాలంటే అందరికీ ఇష్టమై, రెండు మూడుసార్లు కలిసి కూర్చునే వీలుంటే ఏలియన్. అందరూ ఒకే గదిలో ఉంటారు గానీ నియమాలు నేర్చుకునే ఓపిక ఎవరికీ లేదంటే డ్రెడ్. ఈ రాత్రికే ఆడాలంటే కుతూలు డార్క్.

మదర్‌షిప్: పాచికలు మోసే భయం

ట్యూజ్‌డే నైట్ గేమ్స్ వాళ్ల ఆట ఇది. ఆటగాళ్ల పుస్తకం తొలి రూపం 2018లో వచ్చింది. ఇప్పుడు తీసుకోవాల్సింది ఆ తర్వాత 'ఫస్ట్ ఎడిషన్' పేరుతో వచ్చినది. ఆటగాళ్ల పుస్తకం పీడీఎఫ్‌ను డబ్బు పెట్టకుండానే దించుకోవచ్చు, మొదటి రాత్రికి అది చాలు. నడిపేవాళ్లను ఇందులో వార్డెన్ అంటారు. పాత్రలు నాలుగే రకాలు: మెరీన్, సైంటిస్ట్, ఆండ్రాయిడ్, టీమ్‌స్టర్. టీమ్‌స్టర్ అంటే మన లారీ డ్రైవరూ, క్లీనరూ, మెకానిక్కూ ఒక్కరిలో కలిసిన మనిషి. ఎవరూ వీరులు కారు. జీతం కోసం పాడుబడ్డ ఓడలో పనిచేసే కూలీలు. కథ మొదలవ్వడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

ఈ ఆట నడపడానికి తెలియాల్సిన లెక్క ఒకటే. బలం, వేగం, తెలివి, పోరాటం అనే నాలుగు గుణాలకూ పది ముఖాల పాచికలు రెండేసి వేసి, వచ్చిన మొత్తానికి 25 కలుపుతారు. సగటున 36 వస్తుంది. పాత్ర రకాన్ని బట్టి ఇంకాస్త కలుస్తుంది. పని చేయాల్సి వచ్చినప్పుడు రెండు పాచికలను పదులు, ఒకట్లుగా చదివి 00 నుంచి 99 లోపు సంఖ్య చూస్తారు. అది గుణం విలువకన్నా తక్కువైతేనే పని అయినట్టు. అంటే సగటు మనిషికి సగటు పనిలో గెలుపు 36 శాతం. నైపుణ్యం ఉంటే దాని స్థాయిని బట్టి 10, 15 లేదా 20 కలుస్తుంది. పరిస్థితి అనుకూలంగా ఉంటే రెండుసార్లు వేసి మంచిది తీసుకుంటారు. అప్పుడు ఆ 36 శాతమే 59 అవుతుంది.

కొత్త వార్డెన్లు దెబ్బతినేది ఇక్కడే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే సాహసాల రోల్‌ప్లే ఆట అలవాటున్నవాళ్లు తలుపు తీసినా, అలమారా వెతికినా పాచిక వేయమంటారు. ఈ ఆటలో వేసిన మూడింట దాదాపు రెండు ఓడిపోతాయి. ఓడిన ప్రతిసారీ స్ట్రెస్, అంటే పాత్ర మీద పేరుకునే ఒత్తిడి లెక్క, ఒకటి పెరుగుతుంది. ఆట మొదలయ్యేసరికి స్ట్రెస్ 2. మూడు గంటల ఆటలో ఒక్కొక్కరూ పావుగంటకొకసారి పాచిక వేస్తే మొత్తం 12 సార్లు. అందులో 7 ఓటములు అనుకుంటే చివరికి స్ట్రెస్ 9 దగ్గర ఉంటుంది. పానిక్, అంటే భయంతో పాత్ర అదుపు తప్పుతుందా అన్నది, చూడాల్సి వచ్చినప్పుడు 20 ముఖాల పాచిక వేసి, స్ట్రెస్‌కన్నా ఎక్కువ పడితే తట్టుకున్నట్టు, సమానమైనా తక్కువైనా పానిక్ పట్టికలో ఆ సంఖ్య దగ్గర ఏముందో చూడాలి. స్ట్రెస్ 2 అయితే పానిక్ అవకాశం 10 శాతం, 9 అయితే 45 శాతం. మొదట్లో చిన్న అనుమానం, చివర్లో బొమ్మా బొరుసా. కావాల్సింది సరిగ్గా ఇదే. అదే మీరు రెట్టింపు సార్లు, అంటే 24 సార్లు వేయిస్తే స్ట్రెస్ 16కు చేరి పానిక్ 80 శాతం అవుతుంది. అప్పుడు ప్రతివాళ్లూ ప్రతిసారీ కేకలు పెడుతుంటారు, ఎవరికీ భయం వేయదు, నవ్వొస్తుంది. ఆట బాగాలేదని పుస్తకాన్ని తిడతారు. తప్పు పుస్తకానిది కాదు.

కాబట్టి పాచిక అడిగేముందు మూడు చూసుకోండి. టైం లేదా? సరైన పనిముట్టు లేదా? ఓడితే నిజంగా నష్టముందా? ఈ మూడు ప్రశ్నల్లో కనీసం రెండింటికి జవాబు 'అవును' అయితేనే అడగండి. ఇంజినీరు చేతిలో వెల్డింగ్ సామానుంది, చుట్టూ ప్రశాంతంగా ఉంది, తలుపు తెరవాలి. తెరుచుకుంది, పావుగంట పట్టింది, అంతే. అదే తలుపు వెనకనుంచి ఏదో గీకుతున్న శబ్దం దగ్గరవుతుంటే, అప్పుడు వేయండి.

ఓడితే 'కాలేదు' అని ఆపేయొద్దు. తలుపు తెరుచుకుంది గానీ కట్టర్ గ్యాస్ అయిపోయింది. కంప్యూటర్ లాగ్ దొరికింది గానీ అలారం మోగింది. పని ముందుకు సాగాలి, ఖర్చు తగలాలి.

పోట్లాటలో ఎవరి వంతు ఎప్పుడన్న గొడవ పెట్టుకోకండి. ఏం జరగబోతోందో ముందే చెప్పేయండి: 'అది పైకప్పు నుంచి జారుతోంది. ఎవరూ ఏమీ చేయకపోతే సైంటిస్టు భుజం దాని నోట్లో ఉంటుంది. ఏం చేస్తారు?' అందరూ ఏం చేస్తారో చెప్పాక పాచికలు వేయించి, ఒకేసారి ఫలితం చెప్పండి.

ఈ ఆటలో మాకు అన్నిటికన్నా నచ్చిన నియమం చావు పాచికది. పడిపోయిన మనిషి కోసం పది ముఖాల పాచికను గిన్నె కిందో గ్లాసు కిందో బోర్లించి వేస్తారు, ఎవరూ చూడరు. వేరే పాత్ర ఎవరైనా వెళ్లి నాడి పట్టుకున్నప్పుడే గ్లాసు ఎత్తుతారు. అప్పటిదాకా ఆ మనిషి బతికున్నాడో లేదో బల్ల దగ్గర ఎవరికీ తెలియదు. గాజు గ్లాసు పెట్టకండి, కనిపిస్తుంది. స్టీలు గ్లాసు బాగుంటుంది, పాచిక లోపల గిరగిరా తిరిగే చప్పుడు కూడా వినిపిస్తుంది.

పాత్రల రకాల మధ్య ఉన్న గొలుసు గురించి ఆటగాళ్లకు ముందే చెప్పండి. మెరీన్ పానిక్ అయితే దగ్గరున్నవాళ్లంతా ఫియర్ సేవ్, అంటే భయాన్ని తట్టుకోగలరా అని చూసే పాచిక, వేయాలి. సైంటిస్టు శానిటీ సేవ్, అంటే మతి నిలుస్తుందా అని చూసే పాచిక, ఓడితే దగ్గరున్నవాళ్లందరికీ స్ట్రెస్ ఒకటి పెరుగుతుంది. ఆండ్రాయిడ్ పక్కనుంటేనే మిగతావాళ్ల ఫియర్ సేవ్‌లు కష్టమవుతాయి. ఇవి కార్డు మీద రాసి ఎదురుగా పెట్టకపోతే మొదటి రాత్రి తప్పకుండా మర్చిపోతారు.

ఏలియన్: కథ మోసే భయం

స్వీడన్‌కు చెందిన ఫ్రీ లీగ్ దీన్ని 2019లో తెచ్చింది. 1979 నాటి సినిమా ప్రపంచమే ఇందులోనూ. ఆటకు రెండు పద్ధతులున్నాయి. క్యాంపెయిన్ అంటే నెలల తరబడి సాగేది. సినిమాటిక్ అంటే మూడంకాల్లో ముగిసే ఒకే కథ, పాత్రలు ముందే సిద్ధం, చాలామంది చస్తారని ముందే ఒప్పుకొని ఆడేది. మొదటిసారి నడిపేవాళ్లు రెండోదే ఎంచుకోవాలి.

ఇక్కడ ఆరు ముఖాల పాచికలు గుప్పెడేసి వేస్తారు. గుణం, నైపుణ్యం కలిపితే ఎంతో అన్ని పాచికలు. ఒక్క 6 పడినా గెలుపే. ఐదు పాచికలతో గెలుపు దాదాపు 60 శాతం. స్ట్రెస్ పెరిగితే వేరే రంగు పాచికలు అదనంగా చేరతాయి. అవి కూడా 6 ఇస్తాయి కాబట్టి భయపడినకొద్దీ మనిషి చురుకవుతాడు: మూడు స్ట్రెస్ పాచికలు కలిస్తే గెలుపు 77 శాతం దగ్గరికి వెళ్తుంది. కానీ స్ట్రెస్ పాచికపై 1 పడితే పానిక్ పాచిక వేయాలి. ఆరు ముఖాల పాచికకు స్ట్రెస్ స్థాయి కలిపి 7 దాటినా, 7 అయినా ఏదో ఒకటి జరుగుతుంది.

ఈ రెండు మెట్లూ కలిపి లెక్కేస్తే, ఒక్కసారి పాచికలు వేసినప్పుడు చెడు జరిగే అవకాశం స్ట్రెస్ 1 దగ్గర 3 శాతమే. 2 దగ్గర 10, 3 దగ్గర 21, 4 దగ్గర 35, 5 దగ్గర 50, 6 దగ్గర 67. మదర్‌షిప్‌లో నెమ్మదిగా ఎక్కే మెట్లు ఇక్కడ 3 దాటగానే నిట్టనిలువు అవుతాయి. పైగా ఒకరి పానిక్ ఇంకొకరికి అంటుకుంటుంది. పట్టికలో 7 వస్తే దగ్గరున్న తోటివాళ్ల స్ట్రెస్ కూడా ఒకటి పెరుగుతుంది. 12 వస్తే ఆ పాత్ర కేక పెడుతుంది, విన్నవాళ్లంతా పానిక్ పాచిక వేయాలి. ఒక్క కేకతో ఐదుగురూ చెల్లాచెదురైపోయే సన్నివేశం ఈ ఆటలో తనంతట తానే పుడుతుంది. గొంతు మార్చి భయపెట్టడం మీకు రాకపోయినా ఫర్వాలేదు, ఈ పట్టికే ఆ పని చేస్తుంది.

దీనికి విరుగుడు ఊపిరి పీల్చుకునే చోటు. నిజంగా ప్రమాదం లేని గదిలో ఒక్కో టర్న్‌కు, అంటే కథలో ఐదు పది నిమిషాలకు, స్ట్రెస్ ఒకటి తగ్గుతుంది. అలాంటి గదులు అంకానికి ఒకటైనా ఉండాలి. కొత్తవాళ్లు వాటిని తీసేసి 'ఎక్కడా రక్షణ లేదు' అనిపించాలని చూస్తారు. అలా చేస్తే రెండో అంకం సగానికే అందరి స్ట్రెస్ 6 దాటి, పాత్రలు నిర్ణయాలు తీసుకోవడం మానేసి పట్టిక చెప్పినట్టు పరుగులు పెడతాయి.

సిద్ధంగా దొరికే కథల్లో ప్రతి పాత్రకూ రహస్య లక్ష్యం ఒకటుంటుంది, అంకం మారినప్పుడు అదీ మారుతుంది. ఈ ఆటకున్న అసలు బలం అదే. జీవి కనపడకముందే తోటివాళ్ల మీద అనుమానం మొదలవుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. స్నేహితుల మధ్య వెన్నుపోటు సరదాగా తీసుకోలేని గుంపులుంటాయి. మీ గుంపు క్యారమ్స్ ఆటకే అలిగే రకమైతే రహస్య లక్ష్యాలను మెత్తబరచండి, లేదా మదర్‌షిప్‌కు వెళ్లండి.

2019 నియమాలతో వచ్చిన స్టార్టర్ సెట్ పెట్టెలో పాచికలు, మ్యాపులు, సిద్ధం చేసిన పాత్రలు, చారియట్ ఆఫ్ ది గాడ్స్ అనే కథ ఉంటాయి. విడివిడిగా సమకూర్చుకోవడంకన్నా ఇదే నయం. కొనేముందు ఎడిషన్ చూసుకోండి. తర్వాత వచ్చిన ఎవాల్వ్డ్ ఎడిషన్‌లో స్ట్రెస్, పానిక్ నియమాలు మార్చారు. పాత పెట్టె, కొత్త పుస్తకం కలిపి వాడితే ఆట మధ్యలో పుస్తకాలు తిరగేస్తూ కూర్చోవాలి. పైన చెప్పిన లెక్కలు 2019 నియమాలవి. ఇంకో మాట: ఆ కథను ఒక్క రాత్రిలో ముగిస్తామని అనుకోకండి. నాలుగేసి గంటల చొప్పున రెండు మూడు రాత్రులు పడుతుంది.

డ్రెడ్: దిమ్మెలు మోసే భయం

2005లో వచ్చిన ఈ ఆటకు పాచికలే లేవు. బల్ల మధ్యలో జెంగా గోపురం, అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన చెక్క దిమ్మెల గోపురం, ఉంటుంది, 54 దిమ్మెలు, 18 వరుసలు. కష్టమైన పని చేయాలంటే ఒక దిమ్మె లాగి పైన పెట్టాలి. లాగనంటే పని కాదు, అంతే. లాగుతూ గోపురం కూల్చితే ఆ పాత్ర ఆట నుంచి పోతుంది. చావాలో, పిచ్చెక్కాలో, పారిపోవాలో కథను బట్టి మీరు తేలుస్తారు. కావాలని కూల్చితే పాత్ర పోతుంది గానీ అనుకున్నది సాధించి పోతుంది.

చేతులు వణకడం నిజంగా జరుగుతుంది, అందుకే ఇది పనిచేస్తుంది. ఇందులో సైఫై నియమాలేమీ ఉండవు. ఓడా, జీవీ, గాలి నిల్వలూ అన్నీ మీరే చెప్పుకోవాలి. పాత్రలను అంకెలతో కాక ప్రశ్నల కాగితంతో తయారుచేస్తారు. ప్రశ్నలో ఒక నిజాన్ని ముందే ఇరికించి అడగాలి: 'డాక్టరుగారూ, కిందటి ప్రయాణంలో చనిపోయిన మనిషి రిపోర్టులో మీరెందుకు అబద్ధం రాశారు?' ఒక్కొక్కరికి పది పన్నెండు ప్రశ్నలు చాలు. రాయడానికి మీకు ఒక పూట పడుతుంది, అసలు తయారీ అంతా అందులోనే ఉంది.

ఇబ్బందులు రెండు. కొత్త గోపురం గట్టిగా ఉంటుంది కాబట్టి మొదటి గంట భయం ఉండదు. ఆటగాళ్లు ముగ్గురే అయితే మొదలుపెట్టేముందే కొన్ని దిమ్మెలు లాగి పైన పెట్టండి. రెండోది, బల్ల. మడత బల్ల, మంచం, సోఫా ముందుండే ఎత్తు తక్కువ గాజు టీపాయి ఏవీ పనికిరావు. ఎవరి మోకాలో తగిలి గోపురం కూలితే ఆ చావును ఎవరూ ఒప్పుకోరు. వీడియో కాల్‌లో ఈ ఆట ఆడటం శుద్ధ దండగ.

కుతూలు డార్క్: మీ గొంతు మోసే భయం

నియమాలన్నీ చేత్తో రాసినా ఒక కాగితంలో సరిపోతాయి. పాత్రకు పేరు, వృత్తి చాలు. మనిషికి సాధ్యమయ్యే పని అయితే ఆరు ముఖాల పాచిక ఒకటి, వృత్తికి సంబంధించినదైతే ఇంకొకటి, మతి పణంగా పెడితే ఇన్‌సైట్ పాచిక అని మూడోది. వాటిలో పెద్ద సంఖ్యే ఫలితం. ఇక్కడ మామూలుగా ఓటమి ఉండదు, ఎంత బాగా అయిందన్నదే ప్రశ్న. పని చెడిపోతే కథ ఇంకా రక్తి కడుతుందని బల్ల దగ్గర ఎవరికైనా అనిపిస్తే వాళ్లు ఎదురు పాచిక వేస్తారు. అది పెద్దదైతే పని చెడింది. ఇన్‌సైట్ 1తో మొదలవుతుంది. ఘోరం కనపడినప్పుడు పాచిక వేసి ఉన్నదానికన్నా ఎక్కువ పడితే ఒకటి పెరుగుతుంది. 6 చేరితే ఆ మనిషి మతి పోయినట్టే. జీవితో కలబడితే చావే, పాచిక కూడా అక్కర్లేదు.

హారర్ రచయిత లవ్‌క్రాఫ్ట్ తరహా కథల కోసం పుట్టినా, ఈ నియమాలు అంతరిక్ష ఓడలో కూడా అలాగే నడుస్తాయి. లూడో పెట్టెలోంచి పాచికలు తీసుకుని మొదలుపెట్టొచ్చు. కానీ ఇక్కడ పట్టికలు లేవు, పానిక్ గొలుసు లేదు. ఆట చల్లబడితే లేపాల్సింది మీరొక్కరే. కథ చెప్పే అలవాటున్నవాళ్లకు ఇది ఎంత హాయో, లేనివాళ్లకు అంత బరువు. ఖర్చు లేదు కదా అని కొత్తవాళ్లందరికీ దీన్నే సలహా ఇవ్వడం మాకు సరికాదనిపిస్తుంది.

సొంత కథా, సిద్ధంగా ఉన్నదా?

మొదటిసారి సిద్ధంగా ఉన్నదే. మదర్‌షిప్‌కు మడతపెట్టిన ఒకే కాగితంపై, రెండు వైపులా ముద్రించిన చిన్న కథలు చాలా ఉన్నాయి. వాటిలో ది హాంటింగ్ ఆఫ్ ఇప్సిలాన్ 14 అనేది గ్రహశకలంపై గనిలో జరుగుతుంది. మ్యాపు, మనుషులు, జీవి అన్నీ ఆ కాగితంలోనే ఉంటాయి. అరగంటలో చదివేయొచ్చు, మూడు నాలుగు గంటల్లో ఆడేయొచ్చు. అనదర్ బగ్ హంట్ అనేది నాలుగు భాగాలది, వార్డెన్‌కు నడపడం నేర్పేలా రాసింది. వారం వారం కూర్చునే గుంపు ఉంటే ఇది మంచిది.

చిన్న కథల్లో తరచూ వచ్చే చిక్కు ఒకటుంది: ఆటగాళ్లు వెళ్లిపోతామంటారు. 'ఇక్కడేదో తేడాగా ఉంది, సరుకు దించేసి ఓడెక్కేద్దాం.' వాళ్లది తప్పు కాదు, తెలివైన పనే. దాన్ని మొదట్లోనే కట్టేయాలి. ఇంధనం నింపడానికి ఆరు గంటలు పడుతుంది. ముందుగా ఇవ్వాల్సిన డబ్బులో సగమే ముట్టింది. ఓడ తలుపు తాళం ఇప్పుడు కనపడకుండా పోయిన మనిషి దగ్గరుంది. ఈ మూడింటిలో ఒకటి చాలు, మూడూ పెడితే బలవంతంగా కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

సొంతంగా రాసుకోవాలనే పట్టుదల ఉంటే పరిమితి పెట్టుకోండి: 8 గదులు, ఆటగాళ్లు కాకుండా 5 మనుషులు, ఒకే జీవి. జీవికి ఏం కావాలో ఒక్క వాక్యంలో రాయండి. 'చంపాలి' అని రాస్తే కథ నడవదు. 'వెచ్చటి చోటు కావాలి' అని రాస్తే అది ఇంజిను గదికి ఎందుకు వెళ్తుందో, నిద్రపోతున్న మనుషుల మీదికి ఎందుకు పాకుతుందో, చలి గదిలోకి ఎందుకు రాదో అన్నీ దానంతటవే తేలతాయి. ఆటగాళ్లు అది పసిగట్టి హీటర్లు ఆపేస్తే వాళ్ల గెలుపు వాళ్లదే. తర్వాత ఆ చలిలో వాళ్లెలా బతుకుతారన్నది ఇంకో గంట ఆట.

బల్లా, వీడియో కాలా?

మదర్‌షిప్, కుతూలు డార్క్ రెండు చోట్లా నడుస్తాయి. ఏలియన్ కూడా నడుస్తుంది, రహస్య లక్ష్యాలు పంపడానికి విడి మెసేజ్‌లు ఇంకా సులువు. హైదరాబాదు నుంచి డాలస్ దాకా చెదిరిపోయిన స్నేహితుల గుంపైతే టైం సంగతి ముందు చూసుకోండి. వేసవిలో డాలస్‌లో శుక్రవారం రాత్రి 9 అంటే ఇక్కడ శనివారం పొద్దున్న 7:30. ఒక వైపు ఎప్పుడూ వెలుతురే. పగలున్నవాళ్లను కర్టెన్లు వేసుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకోమనండి. కాల్‌లో ముగ్గురికి మించితే మాట మీద మాట పడి భయం చెదిరిపోతుంది. బల్ల దగ్గరైతే నలుగురు సరిగ్గా సరిపోతారు. ఆరుగురు వస్తామంటే ఇద్దరిని రెండో రాత్రికి ఆపండి, లేదా మొదటి చావు తర్వాత చేరే పాత్రలు ఇవ్వండి.

గదిలో ఆడుతుంటే ఫ్యాను గాలికి కార్డులు ఎగిరిపోతాయి, క్లిప్పులు పెట్టుకోండి. లైట్లన్నీ ఆర్పేస్తే కాగితాలు కనపడక సెల్‌ఫోన్ టార్చీలు వెలుగుతాయి, ఆ వెలుతురుకు ఉన్న భయం కాస్తా పోతుంది. బల్ల మీదికి వంగిన ఒకే టేబుల్ ల్యాంపు చాలు.

భాష

పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి స్ట్రెస్, సేవ్, పానిక్ లాంటి మాటలు అలాగే ఉంచండి. వర్ణన మాత్రం తెలుగులో చెప్పండి, గట్టిగా తగులుతుంది. దెయ్యం, భూతం, రాక్షసి అనే మాటలు నోటి వెంట రానీయకండి. ఆ మాట అనగానే చిన్నప్పటి కథలు గుర్తొచ్చి బల్ల తేలికవుతుంది. 'అది' అనండి. కంటికి కనపడేదానికన్నా ముక్కుకు తగిలేది ముందు చెప్పండి: కాలిన వైరు వాసన, తడి గోనెసంచి వాసన, ఎక్కడా నీళ్లు లేని చోట నాచు వాసన.

తెలుగులో ఇంకో పనిముట్టు ఉంది, దాన్ని తప్పక వాడుకోండి. మన క్రియలో 'వచ్చారు' అంటే మనిషే, 'వచ్చింది' అంటే మనిషి కాకపోవచ్చు కూడా. ఆట మొదటినుంచీ ఓడలో ప్రతి మనిషినీ, ఆడా మగా తేడా లేకుండా, 'వచ్చారు, అన్నారు' అని గౌరవంగానే చెప్తూ రండి. ఏ మనిషిలోకి జీవి దూరిందో ఆ మనిషి గురించి మాట్లాడేటప్పుడు ఏ వివరణా ఇవ్వకుండా మార్చండి: 'తలుపు తెరుచుకుంది. కెప్టెన్ లోపలికి వచ్చింది. మీ వైపు చూసింది.' ఎవరో ఒకరికి తట్టి 'వచ్చిందా?' అని అడుగుతారు. జవాబు చెప్పకండి.

మొదటి రాత్రి, మూడున్నర గంటల్లో

మొదటి 20 నిమిషాలు హద్దులు, పాత్రలు. ఈ రకం కథల్లో శరీరంలోకి దూరే పురుగులు, బలవంతపు గర్భం, కళ్లకు సూదులు, పిల్లల చావు తరచూ వస్తాయి. ఏవి వద్దో చీటీల మీద పేరు లేకుండా రాయించుకోండి. బల్ల మధ్యలో ఒక కార్డు పెట్టండి. ఎవరు దాన్ని తాకినా ఆ సన్నివేశాన్ని వదిలేసి ముందుకు వెళ్లాలి, కారణం అడగకూడదు. ఏలియన్ ఆడుతుంటే ఇది మరీ అవసరం, ఆ జీవి పుట్టుకే అలాంటిది. పాత్రలు మీరే నాలుగైదు తయారుచేసి తీసుకెళ్లండి, పైన రెండు అదనంగా.

తర్వాత 40 నిమిషాలు మామూలు పని. సరుకు లెక్క, పాడైన పంపు, జీతం గొడవ. ఈ భాగాన్ని తగ్గించాలనిపిస్తుంది, తగ్గించకండి. పంపు చప్పుడు అలవాటయ్యాకే అది ఆగిపోతే చెవికి తెలుస్తుంది.

ఆ పైన గంటలో మూడు ఆనవాళ్లు ఇవ్వండి, ఒకదానికన్నా ఒకటి దగ్గరగా: వస్తువు మాయం, తర్వాత గాయం, తర్వాత ఒంట్లో సగమే మిగిలిన మనిషి. జీవి పూర్తిగా కనపడటం రెండు గంటలు దాటాకే. మిగిలిన గంటన్నరలో సగం పరుగు, సగం 'ఎవరిని వదిలేయాలి' అనే వాదన. ఆ వాదన మొదలైతే మీరు మాట్లాడటం ఆపేసి పాచికలు చేతిలోకి తీసుకుని వింటూ కూర్చోండి.

ఎవరి పాత్రయినా గంటలోపే చస్తే? అదనపు పాత్ర కాగితం వెంటనే చేతికివ్వండి, పది నిమిషాల్లో కథలోకి తీసుకురండి: నిద్ర పెట్టెలోంచి లేచిన మనిషి, లాకర్లో దాక్కున్న గని కార్మికురాలు. చివరి అరగంటలో చస్తే మాత్రం కొత్త పాత్ర వద్దు. వాళ్లను మీ పక్కకు పిలిచి జీవిని నడపమనండి. ఇప్పటిదాకా తోటివాళ్లు ఎక్కడెక్కడ దాక్కున్నారో వాళ్లకు మీకన్నా బాగా తెలుసు.